రంగు పడిన చుక్క

అలెగ్జాండ్రియాలో మా ఆసుపత్రి మూడో అంతస్తులో వీర్యకణాలు వెతకడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కొత్తగా చేరినవాళ్ళకు నేర్పేదీ నేనే, తిట్టేదీ నేనే. ఆ రోజు నేను చేసిన పని వాళ్ళలో ఎవరైనా చేసి ఉంటే ఆ పూటే ఇంటికి పంపేసి ఉండేదాన్ని.

ముఖ్తార్ ట్రామ్ డ్రైవరు. అతని వీర్యంలో కణమన్నదే లేదు. అందుకని పొద్దున ఆపరేషన్ చేసి, వృషణం లోపలి నుంచి ఆవగింజంత ముక్క తీసి నాకు పంపారు. పక్క గదిలో అతని భార్య ఇన్షిరాహ్ నుంచి ఐదు అండాలు తీశారు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషికి ఆ ఐదు రావడమే గగనం. ముఖ్తార్ ముక్కలో బతికున్న కణం ఒక్కటి దొరికితే చాలు, సూదితో అండంలోకి దింపేస్తాను. దొరక్కపోతే ఆ అండాలు పారబొయ్యడమే. పరాయి మగాడి కణం వాడడమన్న మాట మా దేశంలో లేదు. మూడింటికల్లా ఏదో ఒకటి తేలిపోవాలి.

ముక్కను నలిపి, ద్రవంలో కలిపి, మొదటి చుక్క గాజుపలక మీద వేశాను. దాని పక్కనే ఎర్రరంగు చుక్క వేసి, రెండూ కలిపేశాను.

మామూలు నమూనాలకు అలాగే చేస్తాం. చచ్చిన కణంలోకి రంగు చొరబడుతుంది, బతికున్నది రానివ్వదు. ఎన్ని బతికున్నాయో లెక్క తేలుతుంది. కానీ లెక్కయ్యాక ఆ చుక్కలోవి దేనికీ పనికిరావు, రంగే వాటిని తినేస్తుంది. ఇలాంటి ముక్కకు ఎవరూ రంగు వెయ్యరు. పొద్దుటి నుంచి పదకొండు మామూలు నమూనాలకు వేసిన చెయ్యి పన్నెండోదానికీ వేసేసింది.

పోనీలే, ఒక్క చుక్కే కదా, దీన్లో ఏముంటుంది అనుకుంటూ మైక్రోస్కోపుకు కన్ను ఆనించాను. చుట్టూ ఎర్రటి చెత్త. నడుమ ఒకే ఒక్క కణం, బియ్యపు గింజలా తెల్లగా ఉంది. తోక ఒకసారి ఆడింది. తర్వాత ఆడలేదు.

మైక్రోస్కోపు నుంచి కన్ను తీశాను.

"ఏంటక్కా, అలా పాలిపోయావు?" ఎదుటి బల్ల దగ్గర నుంచి జుల్ఫా అడిగింది. నా చేతికింద పనిచేసే పిల్ల.

"ఏం లేదు. నీ పని చూసుకో."

పలకను గుడ్డకింద దాచాను. సిగ్గేసింది. అయినా దాచాను.

మిగతాదంతా నలభై చుక్కలైంది. ఇక వెలుగుతోనే వెతకాలి. వెలుగును జల్లెడలా వడగట్టే అద్దాలు రెండు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పెట్టి దాటిస్తే కంటిముందు చీకటి తప్ప ఏమీ ఉండదు. ఆ చీకట్లో బతికి బాగున్న కణం తల మాత్రం మెరుస్తుంది. రంగు అక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు. మనం చూసిన తర్వాత కూడా అది బతికే ఉంటుంది. ఈ మాట ఎంతమందికి పాఠం చెప్పానో!

ఒంటిగంట దాటింది. మెడ పట్టేసింది. పెద్ద డాక్టరు రిఫ్అత్ తలుపు తోసి తల లోపలికి పెట్టాడు.

"సఫీనాజ్, లోపల పొదుగుతున్నావా ఏంటి? అండాలు ఎంతసేపు ఆగుతాయి?"

"మీరు గుమ్మంలో నిలబడితే దొరుకుతాయా? వెళ్ళి కాఫీ తాగండి."

ముప్పై ఎనిమిదో చుక్కలో కనబడింది. తల, మెడ, తోక అన్నీ ఉన్నాయి. కదలడం లేదు. ఊపిరి బిగబట్టి వెలుగు మార్చాను. చీకటి. పలకను కొంచెం తిప్పాను. చీకటే. పూర్తిగా ఒక చుట్టు తిప్పాను.

"మెరిసిందా అక్కా?"

"బొగ్గు."

"పోనీ ఒక్క చుక్క రంగు వేసి ఖాయం చేసుకుంటే?"

"రంగు మాటెత్తావంటే నాలుక కోసేస్తా!"

ఆ పిల్ల బిత్తరపోయింది. పాపం, దాని తప్పేముంది. మిగిలిన రెండు చుక్కల్లోనూ ఏమీ లేదు.

రెండూ నలభైకి రిఫ్అత్ మళ్ళీ వచ్చాడు. నా మొహం చూడగానే కుర్చీలో కూలబడ్డాడు. "సరే, సున్నా రాసెయ్. అతనికి అసలు తయారే కావన్నమాట. మళ్ళీ కొయ్యడం కూడా దండగ. అండాలు పారబొయ్యడానికి ఆవిడ చేత సంతకం పెట్టిస్తున్నాను."

తయారే కావా? అవుతాయి. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. అండాలు గడ్డకట్టించి దాస్తే ఆర్నెల్ల తర్వాత మళ్ళీ కోసి వెతకొచ్చు. నేను నోరు మూసుకుంటే ఈ పూటతో సరి.

గుడ్డ తీసి పలక చూపించాను. రిఫ్అత్ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు.

"నీకేమైనా మతిపోయిందా? ఇది బయటపడితే నీ ఉద్యోగం ఉండదు, మన పరువూ ఉండదు. వాళ్ళ రాత ఇంతేననుకుని వాళ్ళే సర్దుకుంటారు. పలక కడిగెయ్."

"రాసింది దేవుడు కాదు డాక్టర్, నేను."

వరండాలో దాదాపు పరుగెత్తాను. ఇన్షిరాహ్ మంచం మీద కూర్చుని ఉంది, చేతిలో కలం. ముఖ్తార్ నొప్పితో కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"సంతకం పెట్టకమ్మా," అన్నాను. "ఒకటి దొరికింది. బతికే ఉంది. నేనే చంపాను. అలవాటు కొద్దీ రంగు వేసేశాను."

చెప్పు తీసుకుని కొడుతుందనుకున్నాను. ఆమె కళ్ళార్పకుండా నన్నే చూసింది.

"మళ్ళీ చెప్పు."

"నేనే చంపాను."

"అది కాదు. దానికి ముందు మాట."

"బతికే ఉంది."

"విన్నావా?" అంది భర్తతో. పెళ్ళైన పదకొండేళ్ళుగా అందరూ కాయని చెట్టన్న ఆ మనిషి చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు అదిరిపోతున్నాయి.

ఇన్షిరాహ్ కాగితాన్ని నిలువునా చింపింది. నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి, నేను లాక్కోలేదు.

"నిన్ను చచ్చినా క్షమించను డాక్టరమ్మా," అంది. "అండాలు దాచి పెట్టించు. మళ్ళీ వస్తాం. అప్పుడు వెతికేది కూడా నువ్వే."