సింహాచలం, భీమిలి కలుపుకొని

ఉత్తరం మంగళవారం వచ్చింది. జవాబు గురువారం పొద్దున్నే తపాలా మోసే సుక్రు చేతికి అందాలి. ఆ రోజు తప్పితే అతడు మళ్లీ ఘాటీ దిగి శృంగవరపుకోట వెళ్లేది ఆదివారం. అప్పటికి నేనే దారిలో ఉంటాను.

అనంతగిరి ఎగువన ఒక గూడెంలో నేను బడిపంతులును. మన్యంలో తిరుగుబాటు, ఆ పితూరీ, అణగిన మరుసటి ఏడు ఇక్కడ బడి తెరిచారు. నాకు ముందు వచ్చిన ఇద్దరూ జ్వరాలకు భయపడి నెలల్లోనే దిగిపోయారు. దిగువన నాకోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు గనుక నేను ఉండిపోయాను. మూడేళ్లు గడిచాక క్రిస్మస్‌కు ఎనిమిది రోజుల సెలవు దొరికింది. దిగడానికి రెండు రోజులు, ఎక్కడానికి రెండు. నడుమ నాలుగు రోజులు విశాఖపట్నంలో, వరహాలరావు ఇంట్లో.

విజయనగరంలో చదువుకునే రోజుల్లో మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాము. ఒకడు తత్త్వగ్రంథం చదువుతుంటే మరొకడు వినేవాడు. చూసేవాడు లేనప్పుడు చూడబడేది ఉంటుందా అని వాదించుకుంటూ ఎన్నిసార్లు అన్నం మాడ్చుకున్నామో చెప్పలేను. ఇప్పుడతడు రేవు పనుల కచేరీలో గుమాస్తా. ఆలోచించి జవాబు చెప్పవలసిన ప్రశ్న ఈ మూడేళ్లలో నన్నెవరూ అడగలేదు. ఆ ప్రశ్న కోసమే నేను కొండ దిగదలచాను.

వస్తున్నానని నేను రాసిన ఉత్తరానికి అతడు ఇచ్చిన జవాబు ఇది: “తొలి రెండు రోజులు సింహాచలం పెట్టుకో. మూడోనాడు భీమిలి. బండి మాట్లాడి ఉంచుతాను. మా కచేరీలో ఒకాయన నీకు తోడు వస్తాడు. చివరి రోజు ఇంట్లో విశ్రాంతి.”

నాలుగు రోజుల్లో మూడు ఊరి బయటే, అదీ మరొకరి తోడుతో. ఇది అతిథి మర్యాదా, లేక నన్ను మర్యాదగా దూరం పెట్టడమా? ఎన్నిసార్లు చదివినా తేలలేదు. గుడి చూడాలని లేదని రాయడం సులభం. నీతో కూర్చోవాలని ఉందని రాయడం కష్టం, ఎందుకంటే దానికి అతడు కాదనవచ్చు. ఆ ఒక్క స్నేహమూ పోతే నాకు ఇంకొకటి లేదు.

గురువారం సుక్రు వచ్చేసరికి కాగితం తెల్లగానే ఉంది. గజ్జెలు కట్టిన బల్లేన్ని గోడకు ఆనించి, సంచి దించాడు.

“రాసినావేటి మేస్టారూ? పొద్దెక్కిపోతంది.”

“ఇంకా లేదు. కూర్చో.”

“ఒక్క కాయితానికి రెండ్రోజులా? నువ్వా మా గుంటలకి సదువు సెప్పేది!”

సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

“ఆ ఊళ్లల్లో నీకెవులున్నారు?”

“ఎవరూ లేరు. చూడ్డానికి.”

“ఏటి సూత్తావు?”

“కొండ మీద గుడి.”

సుక్రు పగలబడి నవ్వాడు. “ఈ కొండ దిగెల్లి ఇంకో కొండెక్కుతావా? నీకు కాళ్లెక్కువైనాయి!” తర్వాత నవ్వు మానేశాడు. “అది కాదు మేస్టారూ. నేస్తం ఇంటికెల్లినోడు నడిమిన ఇంకో ఊరెల్తే, ఆ ఇంట్లో కూడు సాల్నేదని అందరూ అనరా? నీ నేస్తానికి ఎంత సిగ్గు!”

ఇక్కడ నేస్తం కట్టడమంటే ఊరి పెద్దల ఎదుట ఒకరికొకరు బట్టలు ఇచ్చిపుచ్చుకోవడం. ఆపైన ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు. సుక్రు నేస్తం మంగ్లు వచ్చినప్పుడు ఇద్దరూ మూడు రోజులు అరుగు మీద తాడు పేనుకుంటూ కూర్చున్నారు. పది మాటలైనా అనుకోలేదు. అది చూసి నేను అసూయపడ్డాను.

నిలబడే రాసి ఇచ్చాను: “సింహాచలం వద్దు. భీమిలి వద్దు. నాలుగు రోజులూ నీ ఇంట్లోనే ఉంటాను.”

వరహాలరావు వాల్తేరు స్టేషనుకు వచ్చాడు. ఒళ్లు చేశాడు. నా ఉత్తరం అందగానే నాలుగు రోజులూ సెలవు పెట్టానన్నాడు. ఆ మాటతో నా అనుమానమంతా కరిగిపోయింది.

వాళ్లవి రెండే గదులు. ముందుగది మాకు వదిలి, అతడి భార్య రత్నాలు పిల్లలతో వెనక గదిలో సర్దుకుంది. అతడు జ్వరాల గురించి, పులుల గురించి అడిగాడు. నేను రేవు గురించి అడిగాను. మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. అప్పుడు నేను మా పాత ప్రశ్న ఎత్తాను.

“అవన్నీ ఎప్పుడో మరిచానోయ్,” అన్నాడు మెల్లగా. “రోజూ ఎంత మన్ను తవ్వారో రాసుకోవడమే నా చదువు.”

ఆ తర్వాత వీధిలో పోయే ప్రతి జట్కానూ ఇద్దరం అక్కరకు మించిన శ్రద్ధతో చూశాము. సుక్రు, మంగ్లుల మౌనం నాకు జ్ఞాపకం వచ్చింది. వాళ్ల చేతుల్లో తాడు ఉంది. నేను కూర్చోవడాన్ని చూశాను గాని పనిని చూడలేదు.

రెండోనాడు సాయంత్రం వెనక గదిలోంచి రత్నాలు గొంతు వినిపించింది.

“అన్నయ్యగారు ఏటీ మాటాడ్డం లేదేటండీ? ఎక్కడికీ కదలట్లేదు కూడాను. నా వంట నచ్చలేదేటో, ఒక్కమాటు అడగండి.”

“ఊరుకో, వినిపిస్తుంది.”

కొండ మీద కదిలితే సిగ్గు. ఇక్కడ కదలకపోతే సిగ్గు. అక్కడి మర్యాద నేర్చి ఇక్కడి ఇల్లాలిని కష్టపెట్టాను. వరహాలరావు ఇవతలికి వచ్చి కూర్చోబోయాడు.

“రేపు సింహాచలం వెళదామా?” అన్నాను.

అతడు పూర్తిగా కూర్చోనే లేదు. “ఇప్పుడే బండి మాట్లాడొస్తాను! రత్నం, పులిహోర కలుపుతావేటి పొద్దున్న?” తోడు వస్తానన్న కచేరీ మనిషి ఊసే ఎత్తలేదు.

మర్నాడు సింహాచలం మెట్ల మీద నేను ముందు, అతడు వెనక.

“ఒరే, ఆగరా! కొండోడివైపోయావు, నేను మనిషినిరా!”

వచ్చిన తర్వాత మొదటిసారి ‘ఒరే’ అన్నాడు. ఆగాను. పక్కన చతికిలబడి, నా వైపు చూడకుండా చెప్పాడు.

“వస్తున్నానని నువ్వు రాసిన మొదటి ఉత్తరం చూసి భయమేసింది. నాలుగు రోజులు ఎదురుగా కూర్చుంటే నాలో ఏమీ మిగల్లేదని కనిపెట్టేస్తావని. అందుకే ఊళ్లు తిప్పుదామనుకున్నాను.”

నాలో మాత్రం ఏం మిగిలింది? పాత ప్రశ్న ఒకటి, అదీ మరొకడు అడిగితేనే బతికేది. చెయ్యి అందించి అతణ్ణి లేపాను.

చివరి రోజు భీమిలి వెళ్లాము. ఇసుకలో పక్కపక్కన కూర్చున్నాము. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. ఇద్దరికీ సముద్రం కనబడుతుంది. మా మధ్య ఉన్న దూరం తగ్గలేదు. తగ్గదని ఇద్దరికీ తెలిసింది. అయినా అతడు లేవలేదు, నేనూ లేవలేదు.

“వచ్చే ఏడు వస్తావా?” అన్నాడు.

“వస్తాను.”

“అయితే ముందుగా రామతీర్థం చూద్దాం. అక్కణ్ణించి శంకరం కొండ. శ్రీకూర్మం కూడా కలుపుకుంటే...”

అతడు ఇంకా ఊళ్ల పేర్లు చెబుతూనే ఉన్నాడు. నాలుగు రోజులకు అవి ఎక్కువని నేను అనలేదు.