వీపు మంచె

తలమీద కట్టెల మోపు, చంకలో పిల్ల. ఒక చెయ్యి మోపుకు, ఒక చెయ్యి పిల్లకు. కాలు జారితే ఏ చెయ్యి వదలాలి?

వానలు వెనకపట్టిన రోజుల్లో వాగు దిగుతూ నిజంగానే జారాను. మోపే వదిలాను. నా పిల్ల లిఖితకు ఏమీ కాలేదు. కానీ అప్పటి నుంచి గొడ్డలి చేతికి తీసుకుంటే చాలు, ఆ వాగే కళ్ల ముందుకు వచ్చేది. పోకుండా గడవదు. నా పెనిమిటి శివ కల్లూరు వైపు పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి పోయాడు. మా అత్త రామక్కకు చూపు ఆనదు. పిల్లను ఆమె దగ్గర వదిలితే పొయ్యి దాకా పాకినా తెలియదు. ఇంట్లో పెట్టుకున్న కట్టెలూ భయమే. పంచలో నేలమీద పేర్చిన కుప్పలోంచి ఒకసారి తేలు వచ్చి పిల్ల బొంత ఎక్కింది.

అందుకని కూర్చుని ఆలోచించాను. రెండు వెదురు గడలు, వాటికి అడ్డంగా బద్దలు, అడుగున కట్టెలు నిలబడడానికి అరుగులాంటి చిన్న పీట. భుజాలకు తగిలించుకోవడానికి, ఎనిమిదిలో బడి మానేశాక మూలపడి, పెళ్లితో నా వెంట వచ్చి దూలానికి వేలాడుతున్న నా బ్యాగు పట్టీలు. మొదట కట్టెలు అడ్డంగా పేర్చి చెట్ల మధ్య ఇరుక్కుపోయాను. నిలువుగా పెట్టాక దారి దొరికింది. మోపును తాడుతో బిగించి ఆ ముడిని నా నడుము వెనకకు తెచ్చుకున్నాను. పిల్లను పాత చీరతో గుండెకు కట్టుకుని ఆ ముడీ దాని పక్కనే వేశాను. రెండు చేతులూ ఖాళీ. ఇంటికొచ్చాక దించి పేర్చే పని కూడా లేదు, మోపుతో సహా పంచలో రెండు పంగల గుంజలకు తగిలించడమే. కింద గాలి ఆడుతుంది. తేలు దాక్కోదు.

పక్కింటి ఎర్రమ్మ చూసి పగలబడి నవ్వింది. "ఏందే కళావతీ గిది? చేన్ల ఉండాల్సిన మంచెను వీపున ఏసుకొని తిరుగుతున్నవ్!"

"నవ్వక్కా, నవ్వు. రేపు మెడ పట్టేస్తె నా కాడికే వస్తవ్."

"వస్త తియ్యి. కిరాయికిస్తవా?"

అలా దానికి వీపు మంచె అన్న పేరు పడిపోయింది.

మా అడవి దారిలో, వాగు దాటి ఇవతలికి వచ్చే మలుపులో ఒక పుల్లల కుప్ప ఉంది. ఎప్పుడో ఒక బాలింత, పొయ్యి ఆరిపోయిందని పసిబిడ్డను ఇంట్లో వదిలి కట్టెలకు వచ్చి అక్కడే పోయిందట. బిడ్డ కూడా చలికి దక్కలేదట. అందుకే కట్టెలతో తిరిగొచ్చే ఆడది ఎవరైనా మోపులోంచి ఒక పుల్ల లాగి, "నీ పొయ్యికి" అని అక్కడ వేసి కదలాలి. తలమీద మోపయితే నడుస్తూనే చెయ్యెత్తి లాగొచ్చు. తరతరాలుగా వేస్తున్నా ఆ కుప్ప మోకాలెత్తు దాటదు. చెదలు తింటాయంటారు.

వీపు మంచెతో మొదటిసారి అక్కడికి వచ్చి చెయ్యి వెనక్కి చాపాను. అందలేదు. దించితే, ఆనించి లేవడానికి అక్కడ గట్టు లేదు, పిల్లతో మళ్లీ లేవలేను. "రేపు రెండేస్త తల్లీ" అని వచ్చేశాను.

తెల్లారి పంచలోకి వెళ్తే మోపు మధ్యలో ఒక పుల్ల పట్టేంత సందు ఉంది. తాడు బిగువు తగ్గలేదు. ఎలుకలు కట్టెలు లాక్కుపోతాయా? లిఖితను ఎత్తుకుంటే దాని అరచేతులు పొగ వాసన వేశాయి. నేనింకా పొయ్యి వెలిగించలేదు.

ఎలుకలే అనుకున్నాను. అనుకోకపోతే కట్టెలకు ఎట్లా పోతాను? కుప్ప దగ్గర మళ్లీ అదే మాట చెప్పి దాటాను. ఆ తర్వాతా అంతే.

పిల్ల నా గుండెకు ఆనుకుని ఉంటుంది కాబట్టి దాని చూపు ఎప్పుడూ నా భుజం మీదుగా వెనక్కే. కుప్ప దాకా నిద్రపోయేది. దాటగానే మేలుకునేది. నా వెనక ఎవరినో చూసి నవ్వేది. ఎత్తుకోమన్నట్టు రెండు చేతులూ చాపేది. తిరిగి చూస్తే దారి, ఎండిన టేకు ఆకులు, అంతే. నేను ఆగాక కూడా ఆ ఆకులు మరొక్క అడుగు చప్పుడు చేసేవి.

ఒక సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, కుప్ప దాటాక నడుము దగ్గర ఏదో పాకింది. పురుగనుకున్నాను. వేళ్లు. తొందర లేకుండా, చీకట్లో తడుముకునే మనిషిలా తాడు ముడిని పట్టి లాగి చూశాయి. అది రాలేదు. పక్కనున్న చీర ముడి మీదికి జరిగాయి. నా గుండె మీద పిల్ల బరువు కొంచెం కిందికి జారింది.

లిఖితను రెండు చేతులతో అదుముకుని పరుగెత్తాను.

"గట్ల ఉరికొస్తున్నవేంది పిల్లా?" వాకిట్లోంచి అత్త కేకేసింది. ఆమెకు వీపు తిప్పి నిలబడ్డాను. ఆమె చేతులు మోపునూ తాడునూ తడిమి చీర ముడి దగ్గర ఆగాయి.

"చీరకు ఎన్ని ముడులేసినవ్?"

"రెండు. ఎప్పుడూ రెండే ఏస్త అత్తా."

"ఒక్కటే ఉంది." ఆమె గొంతు తగ్గింది. "కుప్పకాడ పుల్ల ఏస్తున్నవా?"

"అందుతలేదు. రేపేస్త, రేపేస్త అనుకుంట..."

"ఆ బాలింత పొయ్యికి పుల్ల అడిగింది. నువ్వియ్యలే. తాడు ముడి రాకుంటె బిడ్డ ముడి ఇప్పుతది. దానికి పొయ్యి ఒక్కటే పోయిందా ఏంది?"

"ఈ మంచెను ఇప్పుడే పొయ్యిల పెడ్త!"

"పెట్టి? మల్ల వాగుల జారుతవా? మంచె మంచిగనే ఉంది. దాని పుల్ల యాడ పెట్టాల్నో అది మరిచినవ్ గంతె."

పొద్దున్నే మూరెడు వెదురు బొంగు కోశాను. అడుగున కణుపు మూసి ఉంది. మంచెకు కుడిపక్కన, చెయ్యి అందే ఎత్తులో కట్టాను. చీర ముడిని ముందుకు, నా కళ్ల ఎదుటికి తెచ్చుకున్నాను. అడవిలో మోపు కట్టాక గొడ్డలితో ఏటవాలుగా నరికిన పుల్ల ఒకటి బొంగులో విడిగా వేశాను. వంగాను, గెంతాను. పడలేదు.

కుప్ప దగ్గర ఆగి బొంగులో చెయ్యి పెట్టాను. ఖాళీ.

దారిలో పడిందేమోనని వెనక్కి చూశాను. లేదు. కుప్ప మీద, అన్నిటికంటే పైన, ఏటవాలు కొస తెల్లగా మెరుస్తూ నా పుల్ల ఉంది.

"నీ పొయ్యికి" అన్నాను, ఆలస్యంగా. లిఖిత నా భుజం మీదుగా చూస్తూ టాటా చెప్పినట్టు చెయ్యి ఊపింది.

ఇప్పుడు ఎర్రమ్మకూ ఒక మంచె చేసిచ్చాను. బొంగు ముందు కట్టి, మిగతాది తర్వాత కట్టాను. నా బొంగులో మాత్రం రెండు పుల్లలు పెడతాను. రెండేస్తానన్నది నేనే కదా. మలుపు దాటేటప్పుడు వెనక్కి చూడను. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని చేసుకున్న మంచె అది. అక్కడ మాత్రం నా ఒక చెయ్యి బిడ్డ ముడి మీదే ఉంటుంది.