బీరువా సీను

తెరమీద ప్రేమ నమ్మదగినట్టు కనబడాలంటే తెర వెనక కూడా అది ఎంతో కొంత ఉండి తీరాలని సినిమాలు చూసేవాళ్ళే కాదు, తీసేవాళ్ళూ నమ్ముతారు. ఋజువేదని అడిగినవారికి నలభై ఏళ్ళుగా అందరూ చూపిస్తూ వస్తున్నది ఒకే ఒక సన్నివేశం. పాత ఇంటి మెట్ల మలుపులో బీరువా ఇరుక్కుపోతుంది. కింది మెట్టు మీద దాన్ని మోస్తున్న కథానాయకుడు, పై మెట్టు మీద కథానాయిక. అతడు చెమటలు కక్కుతూ, "మనం పెళ్ళి చేసుకుందామా?" అంటాడు. ఆమె బీరువా మీదుగా కిందికి చూస్తుంది. చాలాసేపు అలాగే చూస్తుంది. చివరికి, "ముందు బీరువా ఎక్కనివ్వండి" అంటుంది. హాలంతా గొల్లున నవ్వేది. ఆ చూపు నటనకు అందేది కాదనీ, వాళ్ళిద్దరూ నిజంగా ప్రేమించుకుని ఏ కారణం చేతనో విడిపోయారనీ జనం చెప్పుకున్నారు.

ఆ సినిమాను ఇప్పుడు మళ్ళీ తీస్తున్నది నాటి దర్శకుడి కూతురు. ఆమెకిదే మొదటి చిత్రం. ఎడిటింగ్ బాధ్యత ఆమె మేనత్తది. పాత చిత్రాన్ని కూర్చినదీ ఆవిడే. స్టూడియోలో ఆవిడ పేరు అందరూ మరిచిపోయి కత్తెరమ్మ అంటారు.

కూతురు ఆ నమ్మకంతోనే పెరిగింది కనుక, మూడు నెలల క్రితం ప్రేమించి పెళ్ళాడిన నటీనటుల జంటనే తెచ్చుకుంది. వడ్రంగి చేత పాత బీరువాకు నకలు చేయించి, ఒకరి ముఖం ఒకరికి కనబడేలా దాన్ని జానెడు కోయించింది. చూపులో చూపు కలిస్తే చాలుననుకుంది.

సోమవారం మధ్యాహ్నానికి ఇరవై మూడు టేకులయ్యాయి. సెట్లో పంకాలు ఆపేశారు. మెట్ల కింద నిలబడ్డవాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. దర్శకురాలు కుర్చీలో కూర్చోలేక, లేచి నిలవలేక, గోళ్ళు కొరుకుతోంది.

"ఏమండీ, మొదటిసారి అడుగుతున్నట్టు అడగండి. కాస్త భయపడుతూ."

"ఆల్రెడీ ఒప్పేసుకుందిగా మేడమ్! ఇప్పుడు భయం ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?" అన్నాడు కథానాయకుడు. పైనుంచి భార్య కిసుక్కున నవ్వింది. అతడూ నవ్వాడు. మిగతావారెవరూ నవ్వలేదు.

"ఇంతమందిలో బీరువా ఒక్కటే బాగా చేస్తోంది," అని వడ్రంగి గొణిగాడు.

నిర్మాత గడువు స్పష్టంగానే పెట్టాడు. గురువారం నాడు, అప్పటివరకు తీసిన భాగాన్ని బయటి ప్రేక్షకులకు వేసి చూపిస్తారు. బీరువా దగ్గర నవ్వు రాకపోతే మిగతా చిత్రం ఇంకొకరు తీస్తారు.

ఆ సాయంత్రం ఎడిటింగ్ గదిలో దర్శకురాలు తలుపు నుంచి కిటికీకీ, కిటికీ నుంచి తలుపుకూ తిరుగుతూనే ఉంది.

"అత్తా, నాన్న ఎన్ని టేకులు తీశాడు?"

"గుర్తులేదమ్మా."

"నెల్లాళ్ళుగా ఇదే మాట. నిన్నగాక మొన్న కొన్న చెప్పుల ధర గుర్తుండదు గానీ, ప్రతి సినిమాలో ప్రతి షాటూ గుర్తుంటుంది నీకు. నా దగ్గరా దాపరికం?"

"ముందు కూర్చో. నువ్వు తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"కూర్చోను. గురువారం నన్ను గెంటేస్తారు, తెలుసా?"

కత్తెరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఆ సీను అప్పటి హీరోయిన్ ఒక సోమవారం చేసింది. హీరో శుక్రవారం చేశాడు. ఇద్దరికీ మాటల్లేవు. ఒకరుంటే ఇంకొకరు సెట్లో అడుగు పెట్టేవాళ్ళు కారు."

మేనకోడలు ఆగిపోయింది. "మరి ఆ చూపు?"

"కింద మీ నాన్న నిలబడ్డాడు, హీరో డైలాగు అందించడానికి. తీరా చూస్తే కాగితం లేదు. జేబులన్నీ తడుముకుంటున్నాడు. ఈ మహానుభావుడు ఇవాళైనా చదువుతాడా అని చూసింది ఆవిడ. అంతే."

"అబద్ధం!"

కత్తెరమ్మ అరలోంచి పాత నోటుపుస్తకం తీసింది. అన్నగారి దస్తూరీలో రెండు షాట్లకూ రెండు తేదీలున్నాయి.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదత్తా?"

"జనం ముచ్చటపడుతున్నారు, మనకెందుకు, ఊరుకో అన్నాడు మీ నాన్న. ఊరుకున్నాను."

"అయితే అది మోసం."

"రెండు ముక్కలు అతికించడం మోసమైతే నలభై ఏళ్ళుగా నేను పగటిదొంగనే."

"నాన్నకేదో అలా కలిసొచ్చింది. నేను మాత్రం నమ్మను. ప్రేమ లేకుండా ఆ నవ్వు రాదు."

"నమ్మొద్దు. పరీక్షించు."

పాత బీరువా కొలతలు మారకూడదు కనుక కోసిన జానెడూ వడ్రంగి మళ్ళీ అతికించాడు. మంగళవారం భార్య ఒక్కతే వచ్చింది. కింది మెట్టు మీద డైలాగు చదివే పని కత్తెరమ్మ వడ్రంగికి అప్పజెప్పి, మడత పెట్టిన కాగితం చేతికిచ్చింది. కెమెరా తిరగడం మొదలయ్యాక అతడు మడత విప్పాడు. తెల్ల కాగితం. తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు. పైనుంచి ఆమె చూస్తూనే ఉంది. చూసి చూసి, ఇక లాభం లేదని, "ముందు బీరువా ఎక్కనివ్వండి" అంది.

బుధవారం భర్త వచ్చాడు. బీరువాకు అవతల ఎవరూ లేరు. సోమవారమంతా అతడికి దొరకని భయం మొదటి టేకులోనే వచ్చింది.

గురువారం రెండు ఆటలు. హాలు ఒకటే, చిత్రమూ ఒకటే. ఆ ఒక్క సన్నివేశం మాత్రం ఉదయం జంటగా తీసినది, మధ్యాహ్నం విడివిడిగా తీసి అతికించినది. ఆటకు అరవై మంది చొప్పున చీటీలు తీసి పంచారు. సంగతేమిటో ఎవరికీ చెప్పలేదు. కత్తెరమ్మ స్టాప్‌వాచ్‌తో వెనక వరుసలో కూర్చుంది. నిర్మాత మధ్య వరుసలో.

దర్శకురాలు రెండు ఆటల్లోనూ కూర్చోలేదు. గోడకు ఆనుకుంది, తలుపు తోసుకుని బయటికి పోయింది, మంచినీళ్ళు తాగి వచ్చింది, బీరువా తెరమీదికి రాగానే మళ్ళీ బయటికి పోబోయింది. కత్తెరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "తీసినదానివి, నిలబడి చూడు."

ఉదయం నవ్వు ఒక సెకను వినబడింది. అదీ ఒక్క మూలనుంచే. మధ్యాహ్నం పదకొండు సెకన్లు వచ్చింది. తరువాతి రెండు డైలాగులు ఎవరికీ వినబడలేదు.

"మిగతాది కూడా నువ్వే తియ్యమ్మా," అని నిర్మాత లేచి వెళ్ళాడు.

ప్రేక్షకులు వెళ్తూ డబ్బాలో వేసిన అభిప్రాయ పత్రాలను అత్తా మేనకోడలూ కలిసి లెక్కపెట్టారు. బీరువా సన్నివేశం గురించి ఉదయం ఆట వాళ్ళలో ముప్పై ఒక్కమంది, నటీనటులిద్దరికీ బయట ఒకరంటే ఒకరికి పడదని తెలిసిపోతోందని రాశారు. మధ్యాహ్నం ఆట వాళ్ళలో నలభై ఏడుగురు, ఒకరి కళ్ళలోకి ఒకరు అలా చూసుకోవడం నిజంగా ప్రేమించుకున్నవాళ్ళకే సాధ్యమని రాశారు.