ఇంకొక్క నొప్పి చూసి

యన్నిక కిటికీ దగ్గరికి వెళ్ళి సముద్రాన్ని చూడటం ఆ ఉదయం అది పద్నాలుగోసారి. అక్కడ చూడటానికి ఏమీ లేదు. మార్చి నెలాఖరు మంచు అది, మనిషి బరువు మొయ్యదు, పడవని కదలనివ్వదు. ఆ బూడిదరంగు ముద్దని నిండు చూలాలు కిటికీ గట్టు పట్టుకుని నిమిషాల తరబడి ఎందుకు చూస్తుందో తెలియనంత అమాయకురాలు కాదు ఆమె అత్తగారు బెరిత్. పొయ్యి పక్కన కూచుని మేజోడు అల్లుతోంది. ఒక చుట్టు తిరగడానికి ఆమె చేతికి నిమిషం పడుతుంది. ఏడింటికి కోడలు పదకొండు చుట్లకోసారి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎనిమిదిన్నరకి ఎనిమిది చుట్లకోసారి. ఇప్పుడు ఆరు.

అడగడానికి లేదు. అడగనని మాటిచ్చింది.

ఆ మాట ఇచ్చి నాలుగు రోజులైంది. అంతకు ముందురోజు కోడలికి కాస్త నడుము లాగితే చాలు, బయల్దేరు బయల్దేరంటూ ఇల్లంతా తిరిగి, రూనార్‌కి ఫోన్ కొట్టింది బెరితే. రూనార్ అవతలి పెద్ద దీవిలో ఉంటాడు, చేసేది వడ్రంగం. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే పని పక్కన పెట్టి ఫ్యాన్ పడవ తీస్తాడు. వెనక పెద్ద ఫ్యాను, అడుగున ఉక్కు రేకు, మంచు మీదా నీళ్ళ మీదా పోతుంది. ఈ నెల రోజులూ లామ్‌హోల్మ్ దీవికి ఉన్న దారి అదొక్కటే. చేస్తున్న తలుపు సగంలో వదిలేసి వచ్చాడు. అవతల అంబులెన్సు ఎక్కించాడు. ఓబూ పట్నం ఆసుపత్రిలో మంత్రసాని చూసి, ఇవి ఉత్త నొప్పులమ్మా, ఇంకా రెండు వారాలుంది అంది. కావాలంటే ఇక్కడే హోటల్లో ఉండమని కూడా చెప్పింది. గొర్రెలు ఈనుతున్నాయి, మొగుడు క్రిస్టెర్ కొట్టం వదిలి రాలేడు, ఒక్కతినీ ఆ గదిలో ఏం చెయ్యను అంటూ యన్నిక మర్నాడే తిరిగొచ్చింది. మళ్ళీ రూనారే, మళ్ళీ ఫ్యాన్ పడవే. పోయేటప్పుడు తొమ్మిదిసార్లు థాంక్స్ చెప్పిన పిల్ల వచ్చేటప్పుడు తొమ్మిదిసార్లు సారీ చెప్పింది. రేవు దగ్గర కిరాణా కొట్టావిడ నవ్వుతూ, "రిహార్సల్ బాగా జరిగిందటగా" అంది. ఆవిడ మనసులో ఏమీ లేదు. అయినా ఆ మాట యన్నికకి గొంతులో ముల్లులా దిగింది.

ఇంటికొచ్చి కోటు విప్పకుండానే అత్తతో చెప్పింది. "అత్తా, ఈసారి నేను చెప్పేదాకా నువ్వు ఏమీ అడగొద్దు, ఫోన్ ముట్టుకోవద్దు. నా కడుపు, నా లెక్క." నాన్నా పులి కథలో పిల్లాడి పేరు తనకి రాకూడదని ఆ పిల్ల బాధ. తప్పు తనదే కాబట్టి బెరిత్ సరేనంది.

ఆ దీవుల మనుషుల సంగతి చెప్పాలంటే, కొంప అంటుకున్నా సరే, పొరుగువాడి భోజనం అయిందో లేదో కనుక్కుని తలుపు తట్టే రకం. ఇంకొకరికి శ్రమ ఇవ్వడం కన్నా పాపం వాళ్ళ పుస్తకంలో లేదు. దాన్ని మర్యాద అంటారు. ఆ మర్యాద ఎంత ఖరీదుదో బెరిత్‌కి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చర్చి వెనక చిన్న రాయి కింద ఆమె తొలిచూలు ఉంది. పేరు లేదు, తేదీ ఒక్కటే. అప్పుడూ ఇలాంటి మంచే. మంచు మింగేసిందని కొందరు, పడవతో సాయానికి రావలసిన రూనార్ నాన్న వాల్టెర్ నిదానించాడని కొందరు అన్నారు. బెరిత్ ఏమీ అనలేదు. నలభయ్యారేళ్ళుగా ఏమీ అనలేదు.

తొమ్మిదింటికి యన్నిక ఆసుపత్రికి ఫోన్ చేసింది. చేసిన తీరు చూసి బెరిత్‌కి ఒళ్ళు మండింది. నొప్పి వచ్చి, తగ్గి, ముఖం తుడుచుకుని, అప్పుడు నంబరు నొక్కింది. అవతల మనిషి చెవిలో మూలిగితే బాగుండదు కదా మరి. కేకులో గుడ్లెన్ని వెయ్యాలని అడిగినంత తియ్యగా మాట్లాడింది. పావుగంటకోసారి వస్తున్నాయంది. పచ్చి అబద్ధం. ఇంత హాయిగా మాట్లాడుతున్నావంటే ఇంకా టైముంది, తొలిచూలు కదా, కాస్త వేడినీళ్ళు పోసుకో అంది మంత్రసాని. అని, మీది మంచు దారి కనక ఎప్పుడు బయల్దేరాలో మీకే బాగా తెలుస్తుంది, అనుమానం వస్తే ఆగకండి అని కూడా చెప్పింది. యన్నిక ఆ చివరి మాటని చెవిన పెట్టలేదు.

క్రిస్టెర్ కొట్టంలోంచి రెండుసార్లు వచ్చి తలుపు సందులోంచి చూశాడు. రెండుసార్లూ పెళ్ళాం నవ్వుతూ ఇంకా పావుగంటే అంది. పిచ్చివాడు నమ్మాడు. ఏ గొర్రెకి ఎప్పుడు నొప్పులొస్తాయో తోక చూసి చెప్పగలడు, పెళ్ళాం సంగతి మాత్రం ఆమె నోటితో చెప్తే తప్ప తెలియదు.

పదకొండింటికి పొగమంచు దిగింది. ముందు దూరపు దీవులు పోయాయి, తర్వాత రేవు పోయింది, తర్వాత కొట్టం ముందున్న గడ్డిబండి పోయింది. అంటే ఇక ప్రాణం మీదికొస్తే వచ్చే ఆసుపత్రి హెలికాప్టర్ కూడా రాదు. బెరిత్ చేతిలో సూదులు నడుస్తూనే ఉన్నాయి. నాలుగు చుట్లు. మళ్ళీ నాలుగు. ఈసారి యన్నిక కిటికీ దాకా వెళ్ళలేకపోయింది. బల్ల అంచు పట్టుకుని వంగిపోయింది. ఉన్ని మేజోళ్ళలో కాలివేళ్ళు ముడుచుకుపోయాయి.

బెరిత్ అల్లిక పక్కన పెట్టింది. "నాలుగు నిమిషాలు" అంది.

"పావుగంట" అంది యన్నిక, ఊపిరి అందాక.

"నేను పొద్దుటినుంచి చుట్లు లెక్కపెడుతున్నాను తల్లీ. నాతోనా?"

యన్నిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొన్న రూనార్ ముందు తల ఎత్తుకోలేకపోయాననీ, ఈసారి కూడా ఉత్తదైతే చచ్చిపోతాననీ, ఈ పొగమంచులో ఆ మనిషిని పిలిచి ఆయనకేమైనా అయితే ఎవరు పూచీ అనీ అంది. "ఇంకొక్క నొప్పి చూసి చెప్తాను అత్తా. ఇంకొక్కటి."

ఆ మాట విన్నాక బెరిత్ ఇక కూచోలేకపోయింది. అది తన మాటే. ఇరవై మూడేళ్ళ వయసులో, ఇదే వంటింట్లో, తనకి తాను చెప్పుకున్న మాట. అత్తా ఒకింటి కోడలే అంటారు గానీ, అత్త ఆ సంగతి నోరు విప్పి ఒప్పుకోవడం ఎక్కడా జరగదు. బెరిత్ ఒప్పుకుంది. నిలబడే చెప్పింది.

"మంచు కాదే. వాల్టెర్ కూడా కాదు. నాకు తెల్లారి అయిదింటికే మొదలయ్యాయి. ఆ రోజు వాల్టెర్ యాభయ్యో పుట్టినరోజు. ఊరు ఊరంతా వాళ్ళింటికి కాఫీకి పోతుంది. నిండు బల్ల ముందునుంచి మనిషిని లేపడమేంటని ఆగాను. ఇంకొక్క నొప్పి, ఇంకొక్క నొప్పి అనుకుంటూ కాఫీలయ్యేదాకా ఆగాను. పదకొండింటికి చేశాను ఫోను. ఆ మనిషి పుట్టినరోజు చొక్కా మీదే పరిగెత్తుకొచ్చాడు, మంచు మీద పడవ ఈడ్చుకుంటూ. నేను అయిదింటికే మొదలయ్యాయని ఎవరికీ చెప్పలేదు. మొగుడికీ చెప్పలేదు."

యన్నిక బల్ల వదిలి ఆమె వైపు తిరిగింది. "క్రిస్టెర్‌కి?"

"తెలియదు."

మళ్ళీ నొప్పి వచ్చింది. ఈసారి దాచుకోలేదు, అరిచింది. అరుపు అయ్యాక, "చెయ్యి" అంది.

బెరిత్ నంబరు నొక్కుతుండగానే యన్నిక కాళ్ళ మధ్య నేల తడిసింది. ఉమ్మనీరు. తేటగా ఉండాల్సింది, ఆ దీవుల్లో ప్రతి గురువారం కాచుకునే పచ్చ బఠానీ సూప్ రంగులో ఉంది. బిడ్డ లోపల ఇబ్బంది పడుతోందనడానికి అంతకన్నా గుర్తు అక్కర్లేదని గొర్రెలు కాసేవాళ్ళకి కూడా తెలుసు. ఇద్దరూ ఆ నీళ్ళకేసి చూశారు.

రూనార్ ఒక్కడే వచ్చాడు, అరగంటలో. అతనితో రావలసిన రెండో మనిషి ఊళ్ళో లేడు. పొగమంచులో తనకి పడవ ముక్కు కూడా కనిపించడం లేదనీ, ఎక్కడైనా ఇరుక్కుంటే కర్రతో నెట్టడానికి క్రిస్టెర్ కావాలనీ, పిల్లని పట్టుకోవడానికి ఇంకొకళ్ళు కావాలనీ చెప్పాడు. గొర్రెలో, అని ఆగిపోయాడు క్రిస్టెర్. సృష్టి మొదలైనప్పటినుంచీ గొర్రెలు నువ్వు లేకుండానే ఈనుతున్నాయిరా, ఎక్కు, అంది తల్లి.

ఆ నలభై నిమిషాలూ బెరిత్ యన్నిక తల ఒళ్ళో పెట్టుకుని, ఒక అరచెయ్యి కడుపు మీద ఉంచి కూచుంది. వెనక ఫ్యాను చెవులు పగిలేలా మోగుతోంది. పడవ మంచు మీద గీసుకుంటూ పోయి, హఠాత్తుగా నీళ్ళలోకి దిగబడి, మళ్ళీ అంచు ఎక్కేది. రెండుసార్లు ఎక్కలేకపోయింది. క్రిస్టెర్ నడుం దాకా నీళ్ళలో దిగి కర్రతో నెట్టాడు. అరచెయ్యి కింద బిడ్డ కదలడం లేదు. నొప్పి వచ్చినప్పుడు పొట్ట రాయిలా బిగుసుకుంటోంది, వదిలినప్పుడు మెత్తబడుతోంది, అంతే, లోపలినుంచి జవాబు లేదు. దేవుడా, మొన్న నా నోరు ఆగలేదు, ఇవాళ నా నోరు ఆగింది, రెండూ నా తప్పే, దానికి పిల్లని తీసుకోకు, అని బెరిత్ పైకే అంది. ఫ్యాను హోరులో ఎవరికీ వినబడలేదు.

అవతలి రేవులో అంబులెన్సు తలుపులు తెరిచి ఉన్నాయి. ఒక్కరికే చోటు. క్రిస్టెర్ తడి బట్టలతోనే ఎక్కాడు. యన్నిక అత్త చెయ్యి వదల్లేదు, వేళ్ళు ఒక్కొక్కటీ విడదియ్యాల్సి వచ్చింది. తలుపు పడింది, బండి పొగమంచులో కలిసిపోయింది.

తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు. రూనార్ ఆమెని తన వంటింటికి తీసుకెళ్ళి, పొడి మేజోళ్ళిచ్చి, కాఫీ పెట్టాడు. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మొన్న దింపినప్పటి నుంచి తలుపు పని ముట్టుకోలేదనీ, పొద్దున్నే ఇంజను వేడి చేసి పెట్టుకుంటున్నాననీ మాత్రం చెప్పాడు. రెండోసారి ఎటూ వస్తుంది కదా అన్నాడు. బెరిత్ కప్పు ముందు పెట్టుకుని ఫోనుకేసి చూస్తూ కూచుంది. మూడయింది. మూడున్నరయింది. ఫోను మోగకపోవడం మంచిదా చెడ్డదా అని ఎన్ని రకాలుగా ఆలోచించినా చెడ్డవైపే తేలింది. నాలుగింటికి కాఫీ మీద మీగడ కట్టింది.

నాలుగున్నరకి క్రిస్టెర్ చేశాడు. ముందు ఏడుపే వినిపించింది, బెరిత్ బల్ల పట్టుకుంది.

"ఆడపిల్లమ్మా. ఉంది. బతికే ఉంది."

దిగీ దిగగానే కోసి తీశారనీ, ముందు ఊపిరి లేదనీ, కాసేపటికి వచ్చిందనీ, ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉందనీ, యన్నిక బాగానే ఉందనీ గబగబా చెప్పాడు. "డాక్టరమ్మ ఏమందో తెలుసా? ఇంకో అరగంట ఆగి ఉంటే పిల్ల దక్కేది కాదంది. నువ్వు ఫోన్ చెయ్యబట్టే దక్కిందమ్మా."

బెరిత్‌కి సంతోషం కలిగింది. అబద్ధం కాదు, గుండె నిండా కలిగింది, నవ్వింది కూడా. పిల్ల చేతులెలా ఉన్నాయని అడిగింది. గులాబీరంగులో ఉన్నాయన్నాడు. నువ్వు ముందు బట్టలు మార్చుకోరా అని చెప్పి ఫోను పెట్టేసింది.

పెట్టేశాక ఆ అరగంట ఆమెని పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆమె ఒక్క మాట మీద బతికింది. అప్పటి ముసలి డాక్టరు భుజం తట్టి, తొందరగా వచ్చినా ఏమయ్యేదో ఎవరికి తెలుసమ్మా అన్నాడు. ఎవరికీ తెలియదు కదా అని, రాసిపెట్టి ఉందేమో అని, ఆ మాట పట్టుకునే నిద్రపోయింది, ఇంకొక బిడ్డని కని పెంచింది. ఇవాళ ప్రాణం నిలవడానికీ పోవడానికీ అరగంట చాలని తేలింది. ఆమె ఆరు గంటలు ఆగింది. ముందే పిలిచి ఉంటే తన బిడ్డకి కూడా గులాబీరంగు చేతులు ఉండేవి.

ఆమె ఏడవడం చూసి రూనార్ సంతోషం కాబోలనుకుని తువ్వాలు అందించాడు. బెరిత్ అందుకోలేదు.

"రూనార్, ఆ రోజు మీ నాన్న ఆలస్యంగా రాలేదు. నేను ఆలస్యంగా పిలిచాను."

కోడలికి చెప్పిందంతా అతనికీ చెప్పింది, తెల్లారి అయిదూ, కాఫీలూ, పదకొండూ. ఊరు వాల్టెర్ నిదానించాడని అంటుంటే చర్చిలో అతని పక్కనే కూచుని నోరు మెదపలేదని కూడా చెప్పింది.

రూనార్ తువ్వాలు మడిచి కుర్చీ మీద పెట్టాడు. "నాన్న ఆ తర్వాత ఎన్నడూ పుట్టినరోజు చేసుకోలేదు. అమ్మ కేకు చేస్తే లేచి పడవల షెడ్డులోకి పోయి కూచునేవాడు. మేం పిల్లలం, ఆయనకి తీపి పడదేమో అనుకునేవాళ్ళం."

"ఆయనకి చెప్పాల్సింది" అంది బెరిత్. "ఇవాళైనా చెప్పాలనిపించింది."

"ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, బెరితక్కా."

కోపంగా అంటే ఆమె తట్టుకునేదేమో. అతను మెల్లగానే అన్నాడు.