రెండో నంబరు డిస్కు

అంధుల గ్రంథాలయంలో సర్వర్ పెట్టింది నేనే. నాలుగు డిస్కులు కలిపి, ఒకటి పాడైనా మిగతా మూడూ డేటాను కాపాడేలా అమర్చి, ఒకటి నుంచి నాలుగు దాకా స్టిక్కర్లు అంటించాను. వేరేచోట ఇంకో కాపీ ఉంచమని మా బావ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "నాలుగున్నాయి కదా బావా" అని కొట్టిపారేశాను. నాకు పొగరు ఎక్కువ.

బావ అక్కడ లైబ్రేరియన్. మా అక్క పదకొండేళ్లు అక్కడే కూర్చుని, చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసింది. పోయి రెండేళ్లయింది. ఆమె గొంతు మాత్రం ఆ డిస్కుల్లో ఉంది.

మంగళవారం పొద్దున రెండో నంబరు డిస్కు పాడైందని స్క్రీన్ మీద వచ్చింది. రెండు అన్న స్టిక్కరు చూసి, తిరుగుతున్న డిస్కును సర్రున లాగేశాను. మొత్తం ఆగిపోయింది. నా స్టిక్కర్లు ఒకటితో మొదలవుతాయి, మెషిన్ మాత్రం సున్నా నుంచి లెక్కపెడుతుంది. పాడైంది మూడో స్టిక్కరుది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు మొదటిరోజు నేను చెప్పే పాఠమే ఇది.

లాగినదాన్ని మళ్లీ తోశాను. ఇందులో పాత అమరిక ఉంది, వాడుకోవాలా, చెరిపేయాలా అని మెషిన్ అడిగింది. వాడుకోమన్నాను. ఫోల్డర్లు కనిపించాయి. కానీ తిరుగుతుండగా లాగిన ఆ డిస్కు టిక్కు టిక్కుమంటోంది.

"తప్పు నాదే బావా. మంచిదాన్ని పీకేశాను. ఇది ఎంతసేపుంటుందో తెలీదు. ఇదీ పోతే అన్నీ పోతాయి. ముందేది కాపీ చెయ్యాలో చెప్పు."

బావ కుర్చీ లాక్కుని స్క్రీన్ ముందు కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

ఉన్నవి రెండు ఫోల్డర్లు. ఒకటి దగ్గులూ తప్పులూ కోసేసి తయారుచేసిన పుస్తకాలు. రెండోది ఇంకా పెద్దది, కోత వేయని అసలు రికార్డింగులు. అందులో అక్క దగ్గుతుంది, తప్పు చదివి నవ్వుతుంది, "ఏమండీ, కాసిని మంచినీళ్లు" అని రికార్డింగు గది అద్దం అవతలున్న బావను పిలుస్తుంది. రోజూ మధ్యాహ్నం తలుపేసుకుని ఆయన వినేది అదే.

"పుస్తకాలు తియ్యి" అన్నాడు.

"అసలువి ఒక్కటైనా ముందు తీద్దాం బావా."

"వద్దురా. మీ అక్క గొంతు ఎండేలా చదివింది వాళ్ల కోసం. నా కోసం కాదు."

మధ్యాహ్నం రెండు గంటలకు చివరి పుస్తకం కాపీ అయింది. రెండో ఫోల్డర్ మీద నొక్కాను. టిక్కుటిక్కు ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు స్క్రీన్ మీద ఏమీ లేదు. డిస్కులు బాగుచేసేవాళ్ల దగ్గరికి పరిగెత్తాను. లోపలి పలక గీసుకుపోయింది, ఏమీ రాదన్నారు. తిరిగి గ్రంథాలయానికి వచ్చాను. నా మొహం చూసి బావే తెలుసుకున్నాడు.

కాపీ చేసిన వాటిలోంచి ఒక పుస్తకం తెరిచి, నేరుగా చివరి నిమిషానికి వెళ్లాడు. అక్క ఆఖరి వాక్యం చదివింది. ఫైలు అక్కడితో అయిపోయింది. బావ చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దన్నాడు. చాలాసేపు అలాగే విన్నాడు.

"ఇక్కడేరా, అయిపోగానే నన్ను పిలిచేది" అన్నాడు.