కళ్ళద్దాలాయన తలలో అయిదుగురు

పొద్దున ఆరున్నరకు కత్తెరమ్మ స్టవ్ మీద టీకి నీళ్ళు పెట్టేసరికి, ఆమె మొగుడు గడ్డం గీసుకోవడానికి కిటికీ దగ్గర అద్దం ముందు కూర్చునేవాడు. అతను చెంపలకు నురగ రాసుకోగానే ఎడమ చెవిలోంచి బొటనవేలంత మనుషులు అయిదుగురు ఒళ్ళు విరుచుకుంటూ భుజం మీదకు దిగేవాళ్ళు. మొగుడికి గ్లాసులో, వాళ్ళకు మందుసీసా మూతల్లో టీ పోయాలి. ఒకడికి చక్కెర ఎక్కువ, ఒకడికి అసలు వద్దు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళ నుంచీ తెల్లవారడమంటే ఆమెకు ఆరు టీలు, ఆరు సణుగుళ్ళు.

ఆమె దర్జీ దుకాణంలో గుడ్డ కత్తిరిస్తుంది. కత్తెరకూ నోటికీ పదును ఒకటేనని వీధిలో అందరూ కత్తెరమ్మ అంటారు. మొగుడు కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములకు అద్దాలు బిగిస్తాడు. మంచివాడే. చెయ్యెత్తడు, గొంతెత్తడు. చిక్కంతా ఆ అయిదుగురితోనే. మొహాలవాడికి మనుషుల్ని గుర్తుపట్టడం తప్ప ఇంకేం తెలియదు. దారులవాడికి దారులు, లెక్కలవాడికి లెక్కలు, మాటలవాడికి మాటలు, భయాలవాడికి భయాలు. ఒకడి పని ఇంకొకడు చచ్చినా ముట్టుకోడు. ఒకసారి మొహాలవాడు జలుబు చేసిందని ఇంట్లోనే ముసుగుతన్ని పడుకుంటే, ఇతను వెళ్ళి దుకాణం యజమానినే కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. యజమాని సాయంత్రం ఇంటికొచ్చాడు. "అమ్మా, మీ ఆయన్ని పంపేటప్పుడు లోపల అందరూ ఉన్నారో లేదో చూసి పంపండి" అని చెప్పి వెళ్ళాడు. అంటే ఆ హాజరు కూడా ఆమే వేసుకోవాలన్నమాట.

ఒక సోమవారం ఆమెకు ఉత్తరం వచ్చింది. బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో యూనిఫాంలు కుట్టే కార్ఖానాకి కటింగ్ మాస్టర్‌గా రమ్మని. చేతికింద ఇరవైమంది. శుక్రవారంలోగా జవాబివ్వాలి, వచ్చే సోమవారం చేరాలి. ఇన్నేళ్ళూ ఇంకొకరు సుద్దతో గీసిన గీత వెంట కత్తెర నడిపిన మనిషికి, గీత తనే గీసే రోజు వచ్చింది. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకుందో ఆమెకే తెలియదు.

"ఏమండీ, ఏమంటారు? ఇద్దరం వెళ్దామా?"

"చూద్దాం" అన్నాడు మొగుడు.

మంగళవారమూ చూద్దామే, బుధవారమూ చూద్దామే. ఇల్లు మారదామన్నప్పుడూ చూద్దామన్నాడు, పన్ను నొప్పితో దవడ వాచినప్పుడూ చూద్దామన్నాడు. చివరికి ఇల్లు వెతికిందీ ఆమే, చెయ్యి పట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళిందీ ఆమే.

గురువారం పొద్దున టీలు పోయకుండానే అయిదుగురినీ వంటగట్టు మీద వరసగా కూర్చోబెట్టింది. మొగుడు అటు తిరిగి గడ్డం గీసుకుంటున్నాడు. వాళ్ళు బయట ఉన్నంతసేపూ అతనికి ఏ మాటా అర్థం కాదు కాబట్టి గొంతు తగ్గించే పనిలేదు.

"నేను వెళ్తే ఈయన వస్తారా, రారా? అదొక్కటి చెప్పండి."

"ఆ ఊరికి రెండు దార్లున్నాయమ్మగారూ. వంతెన మీదుగా అయితే దగ్గర" అన్నాడు దారులవాడు.

"దారి అడిగానా నిన్ను?"

"ఇంట్లో గిన్నెలు ముప్ఫై ఒకటి, కుర్చీలు ఏడు" అన్నాడు లెక్కలవాడు.

"అక్కడ తెలిసిన మొహం ఒక్కటీ ఉండదు" అన్నాడు మొహాలవాడు.

"వెళ్తే భయం, ఉండిపోతే భయం. మీరలా చూస్తుంటే ఇంకా భయం" అన్నాడు భయాలవాడు.

"మరి రోజూ చూద్దాం, చూద్దాం అంటున్నది ఎవడ్రా?"

మాటలవాడు లేచి నిలబడ్డాడు. "నేనేనండి. అలాంటప్పుడు ఆ మాట బాగా అతుకుతుంది. దాని వెనక ఏముందో చూడటం నా పని కాదు."

కత్తెరమ్మ తల పట్టుకుంది. "మీ అందరి మీదా ఒక పెద్ద ఉంటాడుగా? వాణ్ణి పిలవండి."

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు, చెవులు కొరుక్కున్నారు. లెక్కలవాడు రెండుసార్లు లెక్కపెట్టి, "అయిదుగురమేనండి" అన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ ఇది చెయ్యండి, ఇది వద్దు అని మీకు చెప్పిందెవరు?"

"మీరే కదమ్మగారూ" అన్నాడు మాటలవాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇతని తలలో పెద్ద కుర్చీ ఖాళీగా ఉంటే, జీతం బత్తెం లేకుండా ఆ ఉద్యోగం చేస్తున్నది తనా? అలాగైతే పందొమ్మిదేళ్ళూ కాపురం చేసింది ఎవరితో? తను చెప్పినదానికి తనే తలూపుకుంటూ బతికిందా? ఆ రోజే వస్తున్నానని జవాబు రాసి పోస్టులో వేసింది.

రాత్రి భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. "సోమవారం ఏడింటి బస్సుకు వెళ్తున్నాను. రండి అనను, వద్దు అనను. ఈసారి మీ సంగతి నేను తేల్చను."

"చూద్దాం" అన్నాడు అతను.

సోమవారం ఆమె పెట్టె పట్టుకుని గుమ్మం దాటేసరికి అయిదుగురూ వంటగట్టు మీద నెత్తిన నోరు పెట్టుకుని పోట్లాడుకుంటున్నారు. ఎక్కడికో చెప్తే కదులుతానని ఒకడు, ముందు ఎవరో ఒకరు కదిలితే లెక్కపెడతానని ఇంకొకడు. అతను ఒక చెంప గీసి, రెండో చెంప మీద నురగతో కూర్చున్నాడు. ఆమె ఏమీ అనకుండా వచ్చేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రోడ్డు వైపు చూడకూడదని గట్టిగా అనుకుని, ఏడు కొట్టేదాకా రోడ్డు వైపే చూసింది.

బస్సు కదులుతుండగా ఎవరో తలుపు పట్టుకుని ఎక్కారు. మొగుడే. ఎండిన నురగ ఒక చెంపకు అలాగే ఉంది. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగింది, మోచెయ్యి గీరుకుపోయింది. దారి తెలియక ఎన్ని వీధులు తిరిగాడో, దేనికి గుద్దుకున్నాడో. ఒక్కో సీటు దగ్గరా ఆగి ఒక్కో మొహం చూసుకుంటూ వచ్చాడు. ఆమె మొహమూ అలాగే చూశాడు. చూసి, గుర్తుపట్టలేదు. అతను ఒకడుగు ముందుకు వేసి, వెనక్కి వచ్చి, ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఆ అయిదుగురూ ఏరీ?" అంది. అతను నోరు తెరిచాడు. మాట లేదు.

కండక్టరు వచ్చి అతన్ని అడిగాడు. "ఎక్కడికండీ?"

దారి తెలియనివాడు, లెక్క తెలియనివాడు, పేరు పెట్టి పిలవలేనివాడు, చెయ్యి ఎత్తి ఆమెను చూపించాడు.

"ఇన్నేళ్ళూ ఎక్కడ చచ్చారండీ మీరు?" అని కసిరింది కత్తెరమ్మ. అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు, అయినా కదల్లేదు. ఆమె ఇద్దరికీ టిక్కెట్లు తీసుకుంది.

వంతెన దాటాక పక్కింటావిడ ఫోన్ చేసింది. "వదినా, మీ ఇంట్లో అయిదుగురూ ఒకటే గోల. అన్నయ్యగారు నీతో ఉన్నారా? తరవాతి బస్సులో వీళ్ళను డబ్బాలో పెట్టి పంపించమంటావా? మూతకు చిల్లులు పెడతాలే."

కత్తెరమ్మ పక్కకు చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత కొత్తగా అనిపించని మనిషి, ఆమె పెట్టెను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"తొందరేం లేదు వదినా" అంది. "ఆదివారం దాకా నీ దగ్గరే ఉంచుకో."