సైకాలజిస్టు ఫీజుకు అమ్మిన పావురాలు

బడిలో నోరు విప్పని మా మనవరాలు బ్రయోనీకి ప్రత్యేక సాయమేమీ అక్కర్లేదని మా ఊరి కౌన్సిల్ తేల్చేసింది. దానిమీద ట్రిబ్యునల్‌కెక్కాం; అక్కడ నెగ్గాలంటే మా ఖర్చుతో బయటి సైకాలజిస్టు వచ్చి చూడాలి. ఆవిడ ఫీజు కోసమని చెప్పి నా పందెపు పావురాలను పక్క ఊరి నార్మన్‌కు అమ్మేశాను. ఫ్రాన్సులో వదిలితే, బయలుదేరకముందే ఇల్లు చేరే జాతి అవి!

వాడు తన గూడు తలుపు తీశాడో లేదో, అన్నీ మా ఇంటికే వచ్చేశాయి. వెనకే నార్మన్ దిగాడు.

"ఒరేయ్ ముసలి దొంగా, నా పావురాలేవిరా?"

"అరవకు. అటు చూడు."

గూటి దగ్గర బ్రయోనీ ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచి, గలగలా కబుర్లు చెబుతోంది.

నార్మన్ గొంతు తగ్గించాడు. "ఆ సైకాలజిస్టు ఎప్పుడొస్తుంది?"

"గురువారం."

"అయితే అందాకా ఇక్కడే ఉండనీరా. ఆవిడా విననీ."